కాలేజీలో పరిశోధనశాల లేని బీఎస్సీ విద్యార్థినికి ఇంటర్న్‌షిప్ ఎలా?

మిగతావారికి కూడా అర్థం కావడానికి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మీరు రసాయన శాస్త్రం ప్రధానాంశంగా బీఎస్సీ రెండో ఏడాదిలోకి వచ్చారు. సీజీపీఏ 7.8. ఈ ఏడాది పూర్తయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. తోటివారు నాలుగైదు వేలు కట్టి ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకునే ఆలోచనలో ఉన్నారు. మీకు మాత్రం ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. కాలేజీలో పరిశోధన ఊసే లేదు. నిజమైన ప్రయోగశాలలోకి వెళ్లాలంటే ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, అమెరికాలో ఉన్న మేనమామ చెప్పిన ఆర్‌ఈయూకు (డిగ్రీ విద్యార్థులకు పరిశోధన అనుభవమిచ్చే అక్కడి పథకం) దరఖాస్తు పెట్టవచ్చా అన్నారు. నాన్నగారు హైదరాబాద్ పంపడానికి వెనకాడుతున్నారని చివర్లో రాశారు.

నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో రసాయన శాస్త్రవేత్తను. చాలా ఏళ్లుగా వేసవిలో విద్యార్థులను తీసుకుంటున్నాను. ఎవరిని తీసుకుంటాం, ఎవరిని పక్కన పెడతాం, ఎందుకు పెడతాం అన్నది తెలుసు కనుక ఆ వైపు నుంచే చెబుతాను.

మీరు రాసినదంతా చదివాక నా కళ్లు ఒక వాక్యం దగ్గర ఆగాయి. ‘మొదటి ఏడాది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఉద్దానంలోని ఒక ఊళ్లో తాగునీటి మీద సర్వే చేశాం, అది లెక్కలోకి రాదు కదా’ అన్నారు. వస్తుంది. మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే విలువైనది అదే. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు సమయం గురించి మాట్లాడాలి, ఎక్కువమంది జారిపోయేది అక్కడే.

వేసవి ఇంటర్న్‌షిప్ అనగానే పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో వెతకడం మొదలుపెడతారు. అప్పటికి మా దగ్గర కుర్చీలన్నీ నిండిపోయి ఉంటాయి. ఏప్రిల్‌లో వచ్చే ఉత్తరాలకు నేను సాధారణంగా ‘ఈసారికి ఖాళీ లేదు’ అని జవాబిస్తాను, అది అబద్ధం కాదు. మీరు ఆగస్టులో అడిగారు కాబట్టి ఒక ఏడాది ఆదా అయింది. దసరా సెలవుల నాటికి దరఖాస్తుకు కావలసిన సరంజామా సిద్ధంగా ఉండాలి.

మొదటిగా చూడవలసింది మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీన్ని కలిసి నిర్వహిస్తాయి. ఎంపికైనవారిని దేశంలో ఎక్కడో ఒక శాస్త్రవేత్త దగ్గరికి రెండు నెలలు పంపుతారు. భత్యం ఇస్తారు, రైలు ఛార్జీ ఇస్తారు. దరఖాస్తుల గడువు సాధారణంగా నవంబరుతో ముగిసిపోతుంది. మార్కులతో పాటు వాళ్లు అడిగేవి రెండు: మీరు ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే చిన్న వ్యాసం, మిమ్మల్ని ఎరిగిన అధ్యాపకుల సిఫారసు లేఖ. ఇంకో విషయం చాలా కాలేజీల్లో తెలియదు. ఈ ఫెలోషిప్‌కు అధ్యాపకులు కూడా దరఖాస్తు చేయవచ్చు. మీ రసాయన శాస్త్రం మేడమ్‌కు లేదా సార్‌కు ఈ మాట చెప్పండి. ఆవిడో ఆయనో ఒక వేసవి బెంగళూరులోనో పుణేలోనో గడిపి వస్తే మీ తర్వాతి బ్యాచ్‌లకు దారి సులువవుతుంది.

బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రానికి సొంత వేసవి ఫెలోషిప్ ఉంది. దానితో పాటు డిగ్రీ తొలి దశలో ఉన్నవారి కోసం రసాయన శాస్త్రంలో ఒకటి, జీవశాస్త్రంలో ఒకటి, వరుసగా మూడు వేసవుల పాటు సాగే ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నారు. ఎంపికయ్యేది పిడికెడు మంది. మీరు రెండో ఏడాదిలో ఉన్నారు కనుక అర్హత నిబంధన చూసుకుని పెట్టండి. మీ కాలేజీలో మొదటి ఏడాది చేరిన పిల్లలకు మాత్రం తప్పకుండా చెప్పండి. ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం 2004 నుంచి నడుపుతున్న ఎన్‌ఐయూఎస్ (డిగ్రీ విద్యార్థులకు జాతీయ సైన్స్ కార్యక్రమం) నాకు ఎంతో ఇష్టమైన కార్యక్రమం. డిగ్రీ పిల్లల కోసమే పుట్టినది అది. శిబిరంలో మొదలై, పనికి వస్తారనిపించినవారికి ప్రాజెక్టుగా కొనసాగుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ వారి వేసవి పరిశోధన కార్యక్రమం వీఎస్‌ఆర్‌పీ పేరు అందరూ చెబుతారు గానీ ఎక్కువ శాఖల్లో అది ఎమ్మెస్సీ స్థాయివారి కోసం. దాన్ని మూడేళ్ల తర్వాతకు దాచుకోండి. గణితం చదివే మీ స్నేహితురాలికి 1993లో మొదలైన గణిత శిక్షణ శిబిరం ఎంటీటీఎస్ గురించి చెప్పండి. నాలుగు వారాలు కూర్చోబెట్టి నిరూపణలు ఎలా ఆలోచించాలో నేర్పుతారు. దాన్ని ప్రారంభించిన ఆచార్య ఎస్. కుమరేశన్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు.

కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షల్లో పై ఒక శాతంలో నిలిచి మూల విజ్ఞాన శాస్త్రాల్లో చేరినవారికి ఏడాదికి 80,000 రూపాయలుగా రూపొందించిన పథకం ఇది. అందులో 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టు కోసమే. అయితే డిగ్రీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. బోర్డు ఇచ్చే అర్హత పత్రం చేతిలో ఉండి కూడా అదేమిటో తెలియక పెట్టెలో దాచుకున్న పిల్లలను చూశాను.

ఈ పేర్లన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దొరకనిది ఏమిటంటే, దరఖాస్తులో ఏం రాయాలి అన్నది. అకాడమీల దరఖాస్తులో ఆ చిన్న వ్యాసాన్ని నూటికి తొంభైమంది ‘చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే అమితమైన ఆసక్తి’ అని మొదలుపెడతారు. చదివేవారికి అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇప్పుడు మీ తాగునీటి సర్వే దగ్గరికి వద్దాం.

ఉద్దానం తీర ప్రాంతం. కిడ్నీ వ్యాధి వల్ల దేశమంతటికీ తెలిసిన పేరు. అక్కడి నీటి మీద, నేల మీద, మనుషుల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఒక్కదాన్ని ఇంకా తేల్చలేకపోయారు. కాబట్టి కిడ్నీ వ్యాధికి కారణం మీరు కనిపెడతారని నేను అనడం లేదు. ఆ దిక్కుకు అసలు వెళ్లకండి. డిగ్రీ విద్యార్థిని రాసిన కాగితంలో ‘వ్యాధికి కారణం కనుగొన్నాం’ అని కనబడితే చదివేవారు అక్కడే మూసేస్తారు. దానికంటే చాలా చిన్న ప్రశ్న తీసుకోండి. తీరం నుంచి దూరం వెళ్లేకొద్దీ నూతి నీటిలో క్లోరైడ్ (ఉప్పులో ఉండే అంశం) తగ్గుతోందా? వానలు వెనకపట్టాక పెరుగుతోందా? లోతు తక్కువ నూతులకూ బోర్లకూ తేడా ఉందా? సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకు వస్తోందా లేదా అన్నదానికి క్లోరైడ్ మంచి ఆనవాలు. దాన్ని కొలవడానికి మా ప్రయోగశాల అక్కర్లేదు. సిల్వర్ నైట్రేట్, పొటాషియం క్రోమేట్ సూచిక, బ్యూరెట్ చాలు. ఇటుక ఎరుపు రంగు తిరిగే ఆ టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే పద్ధతి) మీ ప్రాక్టికల్ రికార్డులోనే ఉంటుంది. నీటి కఠినత్వం కొలవడానికి ఈడీటీఏ ద్రావణం, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక. అవీ మీ స్టోరులో ఉంటాయి. కండక్టివిటీ మీటరు పనిచేస్తుంటే ఇంకా మంచిది.

ఏడెనిమిది నూతులు ఎంచుకోండి. కొన్ని తీరానికి దగ్గర, కొన్ని లోపల. నెలకోసారి ఒకే వారంలో నీరు పట్టండి. సీసా మీద ఊరు, తేదీ, నూతి లోతు, ముందు రెండు రోజుల్లో వాన పడిందా లేదా రాయండి. ప్రతి నమూనాకూ మూడు టైట్రేషన్లు, వాటితో పాటు డిస్టిల్డ్ వాటర్‌తో ఒక బ్లాంక్ (నమూనా లేకుండా చేసే సరిచూపు). సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని ప్రతిసారీ సోడియం క్లోరైడ్‌తో ప్రమాణీకరించాలి (అసలు గాఢత సరిచూసుకోవాలి), పోయిన నెల కలిపిన సీసాను నమ్మకూడదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో క్లోరైడ్‌కు లీటరుకు 250 మిల్లీగ్రాములు అంగీకార పరిమితిగానూ, వేరే నీటి వనరు లేనప్పుడు 1,000 వరకూ అనుమతించదగినదిగానూ పెట్టింది. కఠినత్వానికి ఆ అంకెలు 200, 600. మీ అంకెలను వాటి పక్కన పెట్టి చూడండి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో వచ్చే నీరు మీ ఊళ్లకు అందుతుంటే దాన్నీ ఒక నమూనాగా చేర్చండి, పోల్చడానికి పనికివస్తుంది.

సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చేసినా నవంబరు దరఖాస్తుకు చాలినంత సామగ్రి చేతిలో ఉంటుంది. అప్పుడు మీ వ్యాసం ఇలా మొదలవుతుంది: ‘మా మండలంలోని ఎనిమిది నూతుల్లో క్లోరైడ్ కొలిచాను. తీరానికి దగ్గరి మూడింటిలో ఎక్కువ ఉంటుందనుకున్నాను. రెండింటిలోనే ఉంది. మూడో నూతి ఎందుకు తేడాగా ఉందో తెలుసుకోవాలంటే సోడియం, బ్రోమైడ్ కూడా కొలవాలి, ఆ పరికరాలు మా కాలేజీలో లేవు.’ అంకెలు నేను ఊహించి రాసినవే. మీకు ఏం వస్తే అది రాయండి. ఇలా రాసిన అమ్మాయిని పిలవకుండా ఉండడం నాకు కష్టం. ఆమెకు ఏ పరికరం ఎందుకు కావాలో తెలుసు. మా దగ్గరికి వచ్చే చాలామందికి అది రెండు నెలలు పూర్తయ్యాక కూడా తెలియదు.

ఈ పని వల్ల ఇంకో లాభం కూడా ఉంది. సిఫారసు లేఖ రాసే అధ్యాపకులకు మీ గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. ‘క్రమశిక్షణ గల విద్యార్థిని, చక్కగా చదువుతుంది’ అనే లేఖలు మాకు కట్టలు కట్టలుగా వస్తాయి. సాయంత్రాలు ల్యాబులో నిలబడి బ్లాంక్ సరిగా రాలేదని మళ్లీ చేసిన అమ్మాయి గురించి రాసిన లేఖ వేరుగా ఉంటుంది. సాయంత్రం ల్యాబు తాళం ఇవ్వడానికి విభాగాధిపతి ఇష్టపడకపోవచ్చు. అటెండర్ వెళ్లే వేళకు ముగిస్తానని, రసాయనాలు ఎంత వాడానో రిజిస్టరులో రాస్తానని ముందే చెప్పండి. సిల్వర్ నైట్రేట్ ఖరీదైనది, వారి బెంగ అర్థం చేసుకోదగినదే.

ఇక నేరుగా శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాయడం గురించి. ఫెలోషిప్ రాకపోయినా ఈ దారి తెరిచే ఉంటుంది, నిజానికి మా దగ్గరికి వచ్చే డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఇలా వచ్చినవారే. ఒక ఉత్తరం ఒకరికే రాయాలి. నలభైమంది చిరునామాలు ఒకే వరుసలో పెట్టి ‘గౌరవనీయులైన సార్ లేదా మేడమ్’ అని పంపితే ఆ నలభైమందిలో ఎవరూ తమకు రాశారని అనుకోరు. ఈమెయిల్ సబ్జెక్ట్ గడిలో మీ చదువు, రావాలనుకునే నెలలు రాయండి. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరో, మీరు చేసిన నూతి నీటి పని ఏమిటో చెప్పండి. తర్వాత వారి పరిశోధనలో మీరు చదివినదాని గురించి రెండు వాక్యాలు. పేపరు మొత్తం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఒక పటం చూసి కలిగిన సందేహం అడిగినా చాలు. ‘మీ పరిశోధనలు నన్ను ఎంతగానో ప్రభావితం చేశాయి’ అన్న వాక్యం మాత్రం వద్దు. ఒక పేజీ బయోడేటా, మార్కుల జాబితా ఒకే ఫైలుగా జతచేయండి. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఎక్కువ ఉత్తరాలకు జవాబు రాదు, అది మీ గురించి తీర్పు కాదు. కొత్తగా చేరిన శాస్త్రవేత్తలకు ముందు రాయండి, వారికి చేతులు కావాలి, ఓపిక కూడా ఉంటుంది. పెద్ద పేరున్న వారి గదిలో మిమ్మల్ని చూసుకునేది ఎలాగూ వారి పీహెచ్‌డీ విద్యార్థులే.

ఎవరికి రాయాలి అంటే, ముందు దగ్గరగా చూడండి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తీరపు నీటి మీద ప్రశ్న పట్టుకున్న అమ్మాయికి సముద్ర రసాయన శాస్త్రం తెలిసిన వాళ్లకంటే దగ్గరి బంధువులు ఎవరు? తిరుపతిలో ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది, ఆ పక్కనే గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల. హైదరాబాద్‌లోనైతే తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒకే రోడ్డు మీద ఐఐసీటీ (రసాయన సాంకేతికత), ఎన్‌ఐఎన్ (పోషకాహారం), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం) సంస్థలు వరుసగా వస్తాయి. భూగర్భ జలాల మీద పనిచేసేవారు ఎన్‌జీఆర్‌ఐలో ఉన్నారు, ఆ పేరుతో మెట్రో స్టేషనే ఉంది. రసాయన శాస్త్రం అనగానే అందరూ ఐఐసీటీకే రాస్తారు. మీ ప్రశ్నకు ఎన్‌జీఆర్‌ఐ నప్పుతుందని నా అభిప్రాయం.

పరిశోధన సంస్థ కుదరకపోతే పైడిభీమవరం మరిచిపోవద్దు. మీ జిల్లాలోనే ఔషధ పరిశ్రమలు అంత దట్టంగా ఉన్నాయి. నాణ్యతా నియంత్రణ విభాగంలో రెండు నెలలు ఉంటే హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం), కార్ల్ ఫిషర్ టైట్రేషన్ (తేమ కొలిచే పద్ధతి) చేత్తో చేస్తారు, ప్రతి అంకెనూ తేదీతో, సంతకంతో నమోదు చేసే అలవాటు పడుతుంది. పీహెచ్‌డీకి వెళ్లేవారికి అది చిన్నతనం అనుకునేవారున్నారు. నాకు పరిశ్రమలో పనిచేసి వచ్చిన విద్యార్థుల నోటుపుస్తకాలు చూస్తే ముచ్చటేస్తుంది.

డబ్బు కట్టి తెచ్చుకునే సర్టిఫికెట్ల సంగతి: కొన్ని ప్రభుత్వ ప్రయోగశాలలు కూడా ప్రాజెక్టు విద్యార్థుల దగ్గర రుసుము తీసుకుంటాయి. కనుక రుసుము ఉందంటేనే మోసం అనలేం. అడగవలసింది ఇది: నన్ను ఎవరు చూసుకుంటారు, వారి పేరేమిటి, నేను ఏ బల్ల దగ్గర కూర్చుంటాను, చివరికి ఏం కొలిచి ఉంటాను? వీటికి జవాబు లేకుండా బ్యాంకు ఖాతా నంబరు మాత్రం వెంటనే వస్తే అర్థం చేసుకోండి. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ చూపితే ఎవరో ఒకరు ‘ఏం చేశారు?’ అని తప్పకుండా అడుగుతారు. మూడు రోజుల్లో పేపరు అచ్చువేస్తామనే పత్రికలది కూడా ఇదే కోవ. ఎనిమిది వారాల పనికి పేపరు రాకపోవడమే మామూలు. దాని కోసం తొందరపడి పేరు పాడుచేసుకోవద్దు.

మీ మేనమామగారు చెప్పిన ఆర్‌ఈయూ చాలా మంచి పథకమే. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడుస్తుంది, అందువల్లే అమెరికా పౌరులకు, శాశ్వత నివాసితులకు మాత్రమే. ఆయన పిల్లలు అక్కడ డిగ్రీలో ఉంటే వారిని పెట్టమనండి, మీరు సమయం వృథా చేసుకోవద్దు. విదేశం అనే ముచ్చట ఉంటే జపాన్‌లో ఒకినావా సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ప్రయాణ ఖర్చు, వసతి, రోజువారీ భత్యం ఇచ్చి ఇంటర్న్‌లను తీసుకుంటుంది. పోటీ గట్టిది. డిగ్రీ చివరికి వచ్చాక ఆలోచించండి.

7.8 సరిపోతుందా అన్నారు. జాతీయ స్థాయి ఫెలోషిప్‌లలో 9 దాటినవారు చాలామంది ఉంటారు, అది వాస్తవం. నేరుగా రాసే ఉత్తరాల్లో మాత్రం 7.8 ఎవరికీ అడ్డు కాదు. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగో ఏడాదిని పరిశోధనతో కూడిన ఆనర్స్‌గా చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. మీరు ఆ గీతకు చాలా దగ్గరలో ఉన్నారు, కిందికి జారనివ్వకండి. ఆ అవకాశం మీ కాలేజీలో ఉందో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి.

నాన్నగారి విషయం. ఆయన భయం తీసిపారేయదగినది కాదు. ఎంపిక లేఖ వచ్చాక వసతి ఉందా అని సంస్థను అడగండి. చాలాచోట్ల గెస్ట్‌హౌస్ గానీ హాస్టల్ గానీ ఉంటుంది, అయితే వేసవిలో త్వరగా నిండుతుంది. లేకపోతే తార్నాక, హబ్సిగూడల్లో అమ్మాయిల హాస్టళ్లు చాలా ఉన్నాయి, రెండూ మెట్రో మీదే. భత్యం చేతికి రావడం ఆలస్యమవుతుంది కనుక మొదటి నెల ఖర్చు ఇంటి నుంచి తెచ్చుకోవలసిందే, ఆ మాట ఆయనకు ముందే చెప్పండి. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ (ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి ప్రయోగశాలలను నడిపే కేంద్ర మండలి) స్థాపన దినం. ఆ రోజుల్లో సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. వీలైతే నాన్నగారిని వెంటబెట్టుకుని రండి. తేదీ, వేళలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ముందుగా చూసుకోండి. క్లోరైడ్ అంకెలు రాసుకున్న నోటుపుస్తకం కూడా తెచ్చుకోండి, అక్కడ నిలబడి వివరించే పీహెచ్‌డీ విద్యార్థులకు చూపించి ప్రశ్నలు అడగవచ్చు.